శిక్షణ అయిపోయింది, రిపోర్టు మాత్రం మారలేదు: ఏం చేయాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో బాలల రక్షణ మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థ. కేసు వర్కర్లు, కౌన్సెలర్లు, ఔట్‌రీచ్ వర్కర్లు అందరూ కలిపి 28 మంది. సగం మంది ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదివినవాళ్లే. ఏటా రెండు రోజులు శిక్షణ పెడతాం. చట్టం గురించి లాయరు గారు, కౌన్సెలింగ్ గురించి సైకాలజిస్టు గారు వచ్చి మాట్లాడతారు. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అందరూ 'చాలా బాగుంది' అనే రాస్తారు. కానీ తర్వాత వచ్చే రిపోర్టులు మళ్లీ అవే: 'కుటుంబం పేదది, తల్లి నిర్లక్ష్యం, బిడ్డను హాస్టల్లో చేర్చాలి.' బాలల సంక్షేమ కమిటీ వాళ్లు వెనక్కి పంపుతున్నారు. ఈసారి చేతిలో అరవై వేలు ఉన్నాయి. శిక్షణ ఎలా పెడితే పనిలో తేడా వస్తుంది? వృత్తి రిజిస్ట్రేషన్‌కు లెక్కకొచ్చే శిక్షణ పాయింట్లు సర్టిఫికెట్ మీద వేయవచ్చా అని కూడా మావాళ్లు అడుగుతున్నారు.

సమాధానం:

మీ శిక్షణలో లోపం ఎక్కడుందో మీ ఉత్తరంలోనే ఉంది. రెండు రోజుల్లో లాయరు మాట్లాడారు, సైకాలజిస్టు మాట్లాడారు. రిపోర్టు మాత్రం ఒక్కరూ రాయలేదు. రాయడం వింటే రాదు. రాసి, దిద్దించుకుని, మళ్లీ రాస్తే వస్తుంది. అందుకని ఈ ఏడాది చట్టం, కౌన్సెలింగ్, ఒత్తిడి నివారణ అని మూడు నాలుగు అంశాలు పెట్టుకోకండి. ఒక్క పని పట్టుకోండి: సామాజిక పరిశీలన నివేదిక, అంటే మీవాళ్లు ఎస్.ఐ.ఆర్. అనే కాగితం. బిడ్డ ఇంటికి పోవాలా, బాలల హోమ్‌లో ఉండాలా అని కమిటీ తేల్చేది చాలావరకు ఆ కాగితం చూసే. మిగతా అంశాలు దాని చుట్టూ అవసరమైనంత వరకే రావాలి.

తేదీ ఖరారు చేసే ముందు, కనీసం మూడు వారాలు ఉండగా, గడిచిన ఆరు నెలల రిపోర్టుల్లోంచి పన్నెండు తీయండి. ఏరి మంచివి తీయకుండా వరసలో ప్రతి అయిదో రిపోర్టూ తీయండి. ఒక్కోదాన్ని ఎనిమిది ప్రశ్నలతో చదవండి. ఇంటికి ఏ రోజు, ఏ వేళకు వెళ్లారో ఉందా? బిడ్డ చెప్పింది బిడ్డ మాటల్లోనే ఉందా? బిడ్డ ఏం కావాలంటోందో రాశారా? తల్లిదండ్రులతో పాటు టీచరు, అంగన్‌వాడీ కార్యకర్త, పక్కింటివాళ్లలో ఒకరితోనైనా మాట్లాడారా? కళ్లతో చూసినదీ తాము అనుకున్నదీ విడివిడిగా తెలుస్తున్నాయా? ఆ కుటుంబానికి ఉన్న బలం ఒక్కటైనా రాశారా? చివరి సిఫారసుకు కారణం పైన రాసిన విషయాల్లో దొరుకుతోందా? మరో దారి ఎందుకు కుదరదో చెప్పారా? ఉంటే 1, లేకపోతే 0. ఇద్దరు విడిగా మార్కులు వేసి తర్వాత సరిచూసుకోండి. పన్నెండింట్లో తొమ్మిదింటికి సున్నా వచ్చిన ప్రశ్నలు ఏవో అవే మీ వర్క్‌షాప్ పాఠాలు. 'మీకు ఏ అంశం మీద శిక్షణ కావాలి?' అని ఫారం పంచితే ఇది బయటపడదు. ఎవరికైనా తమకు రాని పని రాదని తెలియడమే కష్టం. కమిటీ సభ్యుల దగ్గర కూడా ఒక గంట కూర్చుని, ఏ రిపోర్టు ఎందుకు వెనక్కి పంపారో అడిగి రాసుకోండి.

28 మందినీ ఒకే హాల్లో కూర్చోబెట్టకండి. 14 మంది చొప్పున రెండు బ్యాచ్‌లు చేయండి. ముగ్గురేసి నలుగురేసి కూర్చుని పని చేసేటప్పుడు ప్రతి గుంపు దగ్గరికీ శిక్షకులు వెళ్లగలిగేది అంతమంది ఉన్నప్పుడే. పైగా ఆ రోజు ఆఫీసులో పిలిస్తే పలికేవాళ్లు ఉంటారు. రెండు రోజుల్నీ వరసగా పెట్టకుండా మధ్యలో రెండు వారాల ఎడం ఉంచండి. ఈ ఎడమే శిక్షణలో సగం. మొదటి రోజు నేర్చుకున్నదానితో ఒక్కొక్కరూ ఒక నిజమైన హోమ్ విజిట్ చేసి, రిపోర్టు రాసుకుని రెండో రోజుకు రావాలి. వరసగా రెండు రోజులు పెడితే రెండో రోజు కూడా ఉపన్యాసమే మిగులుతుంది, ఎందుకంటే వాళ్ల చేతిలో పని ఏమీ ఉండదు.

దూరపు మండలాల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లుంటారు కాబట్టి పదింటికి మొదలుపెట్టి నాలుగున్నరకు ముగించండి. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, అతిథుల ప్రసంగాలు ఈసారికి వద్దు. అవి గంటన్నర తినేస్తే రాత పనికి మిగలాల్సిన ఉదయం పోతుంది.

మొదటి రోజు మొదటి 25 నిమిషాలు పలకరింపులయ్యాక నేరుగా రాతే. ఒక పేజీ కేసు వివరం ఇచ్చి, దాని మీద అంచనా, సిఫారసు రాయమనండి. పేర్లు వేయించకుండా నంబర్లు వేయించండి. ఆ కాగితాలు దాచండి, చివర్లో పని ఉంటుంది.

తర్వాత మధ్యాహ్నం దాకా ఒకే అభ్యాసం. మీవాళ్ల పాత రిపోర్టుల్లోంచి ఇరవై వాక్యాలు తీసి, వివరాలు మార్చి, ఒక్కోటి ఒక్కో చీటీ మీద రాయండి. గోడ మీద మూడు చార్టులు అంటించండి: 'చూశాను', 'విన్నాను', 'అనుకున్నాను'. ప్రతి గుంపూ చీటీలను తగిన చార్టు మీద అంటించి, ఎందుకో చెప్పాలి. ఇరవైలో సగానికి పైగా మూడో చార్టు మీదకే చేరితే ఆశ్చర్యపోకండి. 'తల్లి నిర్లక్ష్యం' అన్నది ఎవరి కంటికీ కనబడేది కాదు, అది మన తీర్పు. అదే ఇంటి గురించి ఇలా రాస్తే చూడండి:

'మంగళవారం సాయంత్రం 6:30కి వెళ్లాం. ఇంట్లో బిడ్డ, తమ్ముడు, అవ్వ ఉన్నారు. అవ్వకు చూపు సరిగా ఆనదు. పదేళ్ల బిడ్డే పొయ్యి వెలిగించి అన్నం వండుతోంది. తల్లి బెంగళూరులో బేల్దారి పనిలో ఉందని, పదిహేను రోజులకోసారి వచ్చి బియ్యం తెచ్చిపెట్టి, డబ్బిచ్చి పోతుందని అవ్వ చెప్పింది. అక్కడి నుంచే తల్లికి ఫోన్ చేశాం. బిడ్డ బడికి పోతోందా అనే మొదట అడిగింది. జూన్ నుంచి బడికి 41 రోజులు రాలేదని టీచరు రిజిస్టరు చూపించారు.'

ఈ పేరా చదివిన కమిటీ సభ్యులకు నిర్లక్ష్యం చేసే తల్లి కనబడదు. వలస పోక తప్పని తల్లి, చూపు ఆనని అవ్వ, ఇంటి బరువు మోస్తున్న బిడ్డ కనబడతారు. అప్పుడు సిఫారసు కూడా మారుతుంది. బాలల రక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ నెలకు 4,000 రూపాయలు ఇప్పించే వీలుందా, అవ్వకు కంటి ఆపరేషన్ చేయించవచ్చా, తల్లికి ఊళ్లోనే ఉపాధి హామీ పని దొరుకుతుందా అనే ప్రశ్నలు వస్తాయి. బాలల న్యాయ చట్టం 2015 మూల సూత్రాల్లో ఒకటి, సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం కావాలని. 'హాస్టల్లో చేర్చాలి' అని ముందే నిర్ణయించుకుని రాసిన రిపోర్టు ఆ సూత్రానికి ఎదురు నడుస్తుంది. మూడో చార్టు తప్పని మాత్రం చెప్పకండి. సామాజిక కార్యకర్త తన అభిప్రాయం చెప్పాల్సిందే. కాకపోతే అది మొదటి రెండింటి మీద నిలబడాలి, రిపోర్టు చివర్లో రావాలి.

భోజనం తర్వాత ఉపన్యాసం పెడితే నిద్రే. ఆ వేళకు రోల్ ప్లే పెట్టండి. ముగ్గురేసి: ఒకరు వర్కరు, ఒకరు బిడ్డ, ఒకరు గమనించేవారు. ఏడు నిమిషాలు మాట, మూడు నిమిషాలు చర్చ, ఆపైన పాత్రలు మార్చుకోవాలి. మూడు విడతలకు సర్దుకోవడంతో కలిపి నలభై నిమిషాలు. గమనించేవారికి ఒకే పని: వర్కరు అడిగిన ప్రతి ప్రశ్ననూ అక్షరం మారకుండా రాయడం. చర్చలో ఆ ప్రశ్నల్ని పైకి చదవాలి.

మన భాషలో ప్రశ్న ఎక్కడ తప్పుదారి పడుతుందో అప్పుడు తెలుస్తుంది. 'నాన్న కొట్టాడు కదా?' అంటే బిడ్డ తల ఊపుతుంది. పెద్దలకు ఎదురుచెప్పకూడదని పెరిగిన పిల్లలు 'కదా' అన్న మాటకు కాదనలేరు. 'నాన్న తాగి వస్తాడా?' అంటే అవును, కాదు తప్ప మూడో జవాబు రాదు. 'ఇంట్లోంచి ఎందుకు వెళ్లిపోయినావు?' అన్నదాంట్లో 'ఎందుకు' చెవికి తిట్టులా తగులుతుంది. దాని బదులు 'ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచి ఏం జరిగిందో చెప్పమ్మా' అనండి, ఆ తర్వాత 'ఊఁ... తర్వాత?' అంటే చాలు. బిడ్డ ఆగిపోతే వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా మనసులో పది లెక్కపెట్టాలి. చాలామంది వర్కర్లు మూడు దాటలేరు, సాధన చేయాల్సింది అదే. తండాల్లో సుగాలి మాట్లాడే పిల్లలు, ఉర్దూ, కన్నడం ఇంటి భాషగా ఉన్న పిల్లలు మీ జిల్లాలో తక్కువేం కాదు. వాళ్ల మాటను తెలుగులోకి చెప్పే మనిషి ఆ ఇంటి చుట్టమైతే బిడ్డ అసలు సంగతి చెప్పదు. ఆ సందర్భాన్ని కూడా ఒక విడతలో ఆడించండి.

రోల్ ప్లేకు లైంగిక హింస కేసు ఎంచుకోకండి. బడి మానేసిన బిడ్డ, పనిలో పెట్టిన బిడ్డ చాలు. పాల్గొనేవాళ్లలో చిన్నప్పుడు అలాంటిది అనుభవించినవాళ్లు ఉండవచ్చు, పైకి చెప్పరు. ఎవరైనా ఏ అభ్యాసం నుంచైనా కారణం చెప్పకుండా పక్కకు వెళ్లి కూర్చోవచ్చని ఉదయమే చెప్పండి. కూర్చోవడానికి ఒక గది ఉంచండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 బోర్డు మీద రాసి పెట్టండి.

రెండో రోజు ఉదయం, విజిట్ చేసి రాసుకొచ్చిన రిపోర్టుల్ని జంటలుగా మార్చుకుని అవే ఎనిమిది ప్రశ్నలతో దిద్దుకోవాలి. ఒక్కో రిపోర్టుకు 40 నిమిషాలు ఇవ్వండి. దిద్దినవారు 'బాగుంది' అని వదిలేయకుండా, సున్నా వేసిన చోట ఒక వాక్యాన్ని తామే తిరగరాసి చూపించాలి. గదిలో కొంచెం ఇబ్బంది పుట్టేది ఇక్కడే. తోటివారి రాత దిద్దడం మనకు మొహమాటం. అందుకే మనిషి రాతను కాకుండా ప్రశ్నల పట్టికను ముందు పెట్టమంటున్నాం. పట్టిక అడిగిందంటే ఎవరికీ కోపం రాదు.

చట్టం ఆ తర్వాత, 75 నిమిషాలు మించకుండా. విజిట్‌లో మీవాళ్లకు ఎదురైన సందేహాల్లోంచి పది ప్రశ్నలు వారం ముందే లాయరు గారికి పంపి, వాటికే జవాబు చెప్పమనండి. లేకపోతే ఆయన సెక్షన్లు చదువుతారు, మీవాళ్లు ఫోన్లు చూస్తారు. తప్పక తెలియాల్సినవి కొన్నే. బిడ్డను కమిటీ ముందు ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో హాజరుపరచాలి. సామాజిక పరిశీలన 15 రోజుల్లో ముగియాలి. మొదటిసారి హాజరుపరచిన నాలుగు నెలల్లోపు కమిటీ తుది ఉత్తర్వు ఇవ్వాలి. మీ రిపోర్టు ఆలస్యమైతే ఆ గడువంతా వెనక్కి జరుగుతుంది, అన్నాళ్లూ బిడ్డ హోమ్‌లోనే ఉంటుంది. విజిట్‌లో లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందన్న అనుమానం కలిగినా పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నుంచి రక్షణ) చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద శిక్షార్హం. అక్కడ వర్కరు దర్యాప్తు అధికారి కాకూడదు. బిడ్డ చెప్పినంత విని, ఆ మాటల్లోనే రాసుకుని, పదేపదే అడగకుండా ఆపాలి. వర్కరు, సూపర్‌వైజరు, కౌన్సెలరు, పోలీసు అంటూ నలుగురు నాలుగుసార్లు అడిగితే బిడ్డ నాలుగుసార్లు ఆ బాధ పడుతుంది, మాట కూడా మారుతుంది. అది రేపు కోర్టులో బిడ్డకే ఎదురు తిరుగుతుంది.

పాత రిపోర్టులు వాడుతున్నప్పుడు గోప్యత సంగతి మర్చిపోవద్దు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం బిడ్డను గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదు. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. పేరు కొట్టేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. 'ఫలానా మండలంలో పిడుగుపాటుకు తండ్రి పోయిన కవల పిల్లలు' అని ఉంటే పేరెందుకు? పేరు, ఊరు, బడి, కులం, వయసు, తోబుట్టువుల సంఖ్య, అందరికీ తెలిసిన సంఘటన, ఇవన్నీ మార్చండి. రెండు మూడు కేసులు కలిపి ఒకటి చేస్తే ఇంకా మేలు. రెండో రోజు తెచ్చే తాజా రిపోర్టులకూ ఇదే వర్తిస్తుంది, శిక్షణకు తెచ్చేది వివరాలు మార్చిన ప్రతి మాత్రమే. కాగితాల మీద నంబర్లు వేసి పంచండి, సాయంత్రం లెక్కపెట్టి వెనక్కి తీసుకుని చింపేయండి. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దని ఉదయమే గట్టిగా చెప్పండి.

ఇవన్నీ చక్కగా జరిగినా మొత్తం ప్రయత్నం ఒక్క చోట కూలిపోతుంది: సూపర్‌వైజర్ల దగ్గర. వర్కరు కొత్తగా, వివరంగా మూడు పేజీలు రాసి తెస్తే 'ఇంత ఎందుకు, పాత ఫార్మాట్‌లోనే ఇవ్వు' అని సూపర్‌వైజరు అంటే ఆ రోజుతో శిక్షణ ముగిసినట్టే. కాబట్టి మీ సూపర్‌వైజర్లు, ప్రోగ్రాం మేనేజరు రెండో రోజు మధ్యాహ్నం తప్పకుండా కూర్చోవాలి. ఆ ఎనిమిది ప్రశ్నల పట్టికతోనే ఇకపై రిపోర్టులు చూస్తామని వాళ్లు అందరి ముందూ ఒప్పుకోవాలి. ఒక వర్కరు చేతిలో ఎన్ని కేసులున్నాయో కూడా అప్పుడే మాట్లాడండి. రోజుకు మూడు విజిట్లు చేయాల్సినవారు మంచి రిపోర్టు రాయలేరు, వాళ్లకు ఎంత శిక్షణ ఇచ్చినా. ఒత్తిడి తగ్గించడానికి అరగంట ధ్యానం పెట్టే సంస్థలున్నాయి. ధ్యానం మంచిదే, కానీ కేసుల భారం తగ్గకపోతే, నెలకోసారి గంటసేపు కూర్చుని బరువైన కేసుల గురించి మాట్లాడుకునే చోటు లేకపోతే మనిషి అలసట తీరదు.

డబ్బు సంగతి. 28 మందికి రెండేసి రోజులంటే 56 మనిషి-రోజులు. భోజనం, టీలకు మనిషికి 250 చొప్పున 14,000. బస్సు చార్జీలు సగటున 200 చొప్పున 11,200. నాలుగు శిక్షణ రోజులకు శిక్షకులకు రోజుకు 4,000 చొప్పున 16,000. జిరాక్సులు, చార్టులు, స్కెచ్ పెన్నులకు 6,000. అంతా 47,200. హాలుకు డబ్బు పెట్టకండి, మీ ఆఫీసులో 14 మంది పట్టే గది ఉంటే అదే చాలు. మిగిలిన 12,800లో తొమ్మిది వేలు మూడు నెలల పాటు నెలకోసారి జరిగే ఫాలోఅప్‌కు కేటాయించండి. బ్యాగులు, ఫోల్డర్లు కొంటే ముందుగా పోయేది ఈ ఫాలోఅప్ డబ్బే. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో బాలల మానసిక ఆరోగ్యం కోసం నడిచే 'సంవాద్' విభాగం బాలల రక్షణ సిబ్బందికి శిక్షణలు ఇస్తుంది. మీకు దగ్గరే కాబట్టి పిల్లలతో మాట్లాడే భాగానికి వాళ్లను అడిగి చూడవచ్చు.

ఇక పాయింట్లు. వేయకండి. మన దేశంలో సామాజిక కార్యకర్తలందరికీ వర్తించే లైసెన్సు చట్టం లేదు కాబట్టి ఇన్ని గంటల శిక్షణ తప్పనిసరి అనే నియమమూ లేదు. వైకల్యం ఉన్నవారితో పనిచేసే నిపుణులను నమోదుచేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైనవారికి పాయింట్ల పద్ధతి ఉంది, అయితే కౌన్సిల్ ముందుగా ఆమోదించిన కార్యక్రమాలకే అవి వస్తాయి. మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన జాబితాలో చేర్చింది. ఆ పనిలో ఉన్నవాళ్లు దాని నిబంధనల్ని గమనిస్తూ ఉండాలి. అమెరికాలో పనిచేసే మన పిల్లలు చెప్పే 'సీఈ అవర్స్' (లైసెన్సు నిలబెట్టుకోవడానికి చేయాల్సిన శిక్షణ గంటలు) వేరు. ఉదాహరణకు కాలిఫోర్నియాలో లైసెన్సు రెన్యూవల్‌కు రెండేళ్లకు 36 గంటలు కావాలి, వాటిలో 6 చట్టం, నైతిక నియమాల మీద ఉండాలి. ఇంగ్లండ్ పద్ధతి మీకు ఎక్కువ పనికొస్తుంది. అక్కడ నమోదైన సోషల్ వర్కర్లు గంటలు లెక్కపెట్టరు. ఏడాదికి కనీసం రెండుసార్లు తాము ఏం నేర్చుకున్నారో, దానివల్ల పనిలో ఏం మారిందో రాసి ఇవ్వాలి, అందులో ఒకటి తోటివారితో చర్చించినదై ఉండాలి.

మీ సర్టిఫికెట్ మీద అంశం, గంటలు, శిక్షకుల పేర్లు, పూర్తిచేసిన పని రాయండి. దాన్ని రెండో రోజు సాయంత్రం ఇవ్వకండి. 30 రోజుల తర్వాత, కొత్త పద్ధతిలో రాసిన రెండు రిపోర్టులు సూపర్‌వైజరు చూసి సంతకం చేశాకే ఇవ్వండి.

ఫలితం కొలవడానికి ఫీడ్‌బ్యాక్ ఫారం చాలదు. అందులో తెలిసేది భోజనం బాగుందో లేదో, శిక్షకులు నచ్చారో లేదో. రెండో రోజు చివర్లో మరో కేసు వివరం ఇచ్చి మళ్లీ 25 నిమిషాలు రాయించండి. మొదటి రోజు కాగితాలనూ వీటినీ కలిపేసి, ఏది ముందుదో ఏది తర్వాతదో తెలియని ఇద్దరితో మార్కులు వేయించండి. ఆపైన 90వ రోజున మళ్లీ పన్నెండు రిపోర్టులు, మళ్లీ ప్రతి అయిదోది. మొదటిసారి తొమ్మిది సున్నాలు వచ్చిన ప్రశ్నకు ఇప్పుడు ఎన్ని వచ్చాయో చూడండి. రెండో రోజు మార్కులు పెరిగి 90వ రోజుకు పడిపోతే నేర్పడంలో లోపం లేదు, ఆఫీసులో ఏదో అడ్డుపడుతోంది. కేసుల సంఖ్యా, సూపర్‌వైజరా, విజిట్‌కు బండి పెట్రోలు డబ్బు ఇవ్వకపోవడమా అని వర్కర్లనే అడగండి. రెండో రోజే మార్కులు పెరగకపోతే అభ్యాసం చాలలేదు. అలాంటప్పుడు రెండో బ్యాచ్‌కు రోల్ ప్లే తగ్గించి రాతకు ఇంకో గంట కలపండి. ఇందుకోసమే రెండు బ్యాచ్‌ల మధ్య కనీసం వారం ఖాళీ పెట్టుకోండి.